ఊరికే చేసిపెట్టిన పని

"ఎంతిచ్చారు?" అని ఆరు రోజులుగా అడుగుతున్నారు ఆ కుర్రాణ్ణి. ఎవరూ ఏమీ ఇవ్వలేదంటే నమ్మే నాథుడు లేడు.

ప్రఫుల్ల ఆ ప్రశ్న అడగలేదు. లండన్ పోలీసు స్టేషన్‌లో, కిటికీ లేని ఇరుకు గదిలో, సుహాస్ ఎదురుగా కూర్చుని వాచీ చూసుకుంది. పదకొండు నలభై. కోర్టు పోలీసులకిచ్చిన గడువు సాయంత్రం ఆరింటితో అయిపోతుంది. ఈలోగా కొత్త సంగతి ఏదీ బయటపడకపోతే, పరాయి దేశానికి వేగు పని చేశాడనీ, దానివల్ల ఒక మనిషి ప్రాణం పోయిందనీ అతని మీద చార్జి పెడతారు. ఇరవై మూడేళ్ళవాడు. జగిత్యాల నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చి పట్టుమని పది నెలలు కాలేదు. ఆ చార్జి రుజువైతే బయటికొచ్చేసరికి జుట్టు నెరిసిపోతుంది.

ప్రఫుల్లది తెనాలి. లండన్ పోలీసుల్లో పదహారేళ్ళు డిటెక్టివ్‌గా చేసి, ఒక పై అధికారితో మాటా మాటా పెరిగి ఉద్యోగం మొహాన కొట్టి వచ్చేసింది. ఇప్పుడు లండన్ పక్కనున్న వాట్‌ఫర్డ్‌లో ఒక సొలిసిటర్ ఆఫీసు తరఫున కేసులు దర్యాప్తు చేస్తుంది. సుహాస్ తరఫు లాయర్లు వాళ్ళే. యాభై దగ్గరపడినా నోటి దురుసు మాత్రం తగ్గలేదు.

కేసు సంగతి నాలుగు ముక్కల్లో చెప్పుకోవచ్చు. సముద్రానికి అటొకటి ఇటొకటి రెండు దేశాలున్నాయి. ముప్పై ఏళ్ళుగా ఒకదాన్ని చూసి ఒకటి పళ్ళు నూరుకుంటాయి. ఎదురెదురుగా నిలబడి తేల్చుకునే దమ్ము రెంటికీ లేదు, అందుకని ఊళ్ళోవాళ్ళ పెరట్లో కొట్టుకుంటాయి. మొదటి దేశం నుంచి పారిపోయి వచ్చిన రేడియో మనిషి ఒకడు వాట్‌ఫర్డ్‌లో మేడమీది ఫ్లాట్‌లో ఉంటూ, రోజూ మైకు ముందు కూర్చుని తన దేశం మీద దుమ్మెత్తిపోస్తుంటాడు. రెండో దేశం వెనక నుంచి అతనికి దన్ను. ఇరవై రోజుల క్రితం, గురువారం పొద్దున్న ఐదు నలభైకి, ఆ ఇంటికి ఎవరో నిప్పు పెట్టారు.

రేడియో మనిషి వెనక కిటికీలోంచి దూకి బతికిపోయాడు. పోయినవాడు క్వామె. పక్కింట్లో ఉండే ఘనా మనిషి, ఆస్పత్రిలో పోర్టరు. డ్యూటీ దిగి ఇంటికొస్తూ మంటలు చూసి, మేడమీదివాళ్ళని లేపుదామని లోపలికి పరిగెత్తాడు. పొగలో పడిపోయి మళ్ళీ లేవలేదు. రెండు దేశాల రాయబారులూ పత్రికలకి ప్రకటనలిచ్చారు. మాకేం సంబంధం లేదని ఒకరు, చూశారా వాళ్ళ దుర్మార్గం అని ఇంకొకరు. క్వామె పేరు రెంటిలోనూ లేదు. ఆ రెండు కాగితాలూ చదివిన రోజు ప్రఫుల్లకి అన్నం సయించలేదు.

నిప్పు పెట్టినవాడు మూడో రోజునే దొరికాడు. వాడొక తాగుబోతు. ఎవరో ఫోన్‌లో చెబితే చేశాడు, చెప్పిందెవరో వాడికీ తెలియదు. కానీ వాడి ఫోన్‌లో ఏడు నిమిషాల వీడియో దొరికింది. ఆ ఇంటి తాళాలు, మెట్లు, వెనక గుమ్మం వరసగా చూపించే వీడియో. అందులో వినిపించే గొంతు సుహాస్‌ది.

"వ్యూయింగ్ అంటే ఏంటో వాళ్ళకి చెప్పావా?" అంది ప్రఫుల్ల.

"చెప్పిన మేడమ్. పదిసార్లు చెప్పిన. నవ్విండ్రు."

నవ్వరూ మరి. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో చదువుకోవడానికి వచ్చే పిల్లలకి ఇక్కడ ఇల్లు చూసిపెట్టే దిక్కుండదు. డిపాజిట్ కట్టి దిగాక అసలా ఇల్లే లేదని తేలి, సూట్‌కేసులతో రోడ్డున పడ్డవాళ్ళు బోలెడుమంది. అందుకని ముందొచ్చినవాళ్ళు వెళ్ళి ఇల్లు చూసి, వీడియో కాల్‌లో అక్కడి తల్లిదండ్రులకి చూపిస్తారు. కుళాయి ధార ఎలా ఉంది, హీటర్ పనిచేస్తోందా, తలుపు గడియ గట్టిదేనా, పై వాటాలో ఎవరుంటారు. వ్యూయింగ్ అంటే అదే. పైసా తీసుకోరు. తమకి ఒకరు చేసిపెట్టారు, తాము ఇంకొకరికి చేసిపెడతారు. పెళ్ళిలో వడ్డన చేసినందుకు ఎవరైనా కూలి అడుగుతారా? కానీ ఆ మాట పోలీసు రిపోర్టులో రాస్తే కట్టుకథలాగే ఉంటుంది.

"నిన్నడిగిన పెద్దాయన పేరు?"

"సదాశివం అంకుల్. బిడ్డ జనవరిల వస్తదన్నడు. కింది ఫ్లాట్ కిరాయికి ఉంది, జర చూసి చూపియ్యి బాబూ అన్నడు. ఆదివారం సాయంత్రం ఏడింటికి ఫోన్ చేసిండు. మంగళవారం నాలుగింటికి పోయిన. ఫస్ట్ మా కజిన్‌కి ఎట్ల చూపిచ్చిననో గట్లనే చూపిచ్చిన."

"ఆయనతో చాట్ ఫోన్‌లోంచి ఎందుకు తీసేశావు?"

సుహాస్ తల దించుకున్నాడు. "న్యూస్‌ల ఆ ఇల్లు చూసిన. గుర్తుపట్టిన. కాళ్ళు చేతులు ఆడలే. రూమ్మేట్ డిలీట్ చెయ్ రా అన్నడు. చేసిన."

"మంచి పని చేశావు. ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ నీ చేత్తో నువ్వే గంగలో కలిపావు."

తిట్టి లాభం లేదని ప్రఫుల్లకి తెలుసు, అయినా తిట్టకుండా ఉండలేకపోయింది.

"సరే, విను. ఆ కాల్ రికార్డు చేసిన వీడియోలో నీ జవాబులే ఉన్నాయి, ఆయన మాటలు తీసేశారు. ఆయనడిగినవి వరసగా చెప్పు. ఒక్కటి కూడా వదలకు."

సుహాస్ కళ్ళు మూసుకుని, వేళ్ళు మడుస్తూ చెప్పాడు. "మెయిన్ డోర్‌కి లాక్‌లు ఎన్ని. వెనక డోర్ ఉందా. పైన ఎవరుంటరు, పొద్దుగాల చప్పుడైతదా, బిడ్డకి జర చప్పుడైతె నిద్ర పట్టదు అన్నడు. వాటర్ మంచిగ వస్తదా. ఇంక... బిన్ డే ఏ రోజు, బిన్నులు ముందట పెడతరా వెనకకా అని. హాల్‌ల కాగితం అతికించి ఉండె, చూసి చెప్పిన."

ప్రఫుల్ల పెన్ను ఆగింది.

"ఆయన ఎక్కణ్ణుంచి మాట్లాడుతున్నానన్నాడు?"

"హైదరాబాద్, కొత్తపేట. ఇండియా దాటి ఎన్నడు పోలేదన్నడు. పిల్లని ఒక్కదాన్నే పంపుతున్న, బుగులైతుంది అన్నడు."

"కొత్తపేటలో చెత్త బండి రోజూ పాట పెట్టుకుని గుమ్మంలోకి వస్తుంది కదరా. ఆ ఊరు దాటని మనిషికి ఇక్కడ వారానికోసారే చెత్త తీస్తారనీ, ఆ రోజు బిన్నులు వీధి వైపు తెచ్చి పెట్టాలనీ ఎవరు చెప్పారు? నువ్వు ఇక్కడికి రాకముందు ఆ సంగతి నీకు తెలుసా?"

"తెల్వదు మేడమ్."

"మీ నాన్నకి ఇప్పటికైనా తెలుసా?"

సుహాస్ అడ్డంగా తలూపాడు. తర్వాత అతని మొహం మెల్లగా మారింది. "నిప్పు ఎక్కడ పెట్టిండ్రు మేడమ్? డోర్ కాడ అన్నరు."

దాచి లాభం లేదు. "డోర్ దగ్గర పెట్టిన బిన్నుల్లో."

"గురువారం అని నేనే చెప్పిన." మొహం చేతుల్లో దాచుకున్నాడు. "ఆ అన్న చచ్చిపోయింది నేను చెప్పిన మాటకే కదా."

ప్రఫుల్ల పెన్ను బల్ల మీదికి విసిరింది. ఎవడో రాజధానిలో చల్లగా కూర్చుని వేలు చూపిస్తాడు. ఇక్కడ ఒకడు మంటల్లో పడి చస్తాడు, ఇంకొకడు జైల్లో కూర్చుని నేనే చంపానని ఏడుస్తాడు. ఆంబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్ళు విరిగినట్టు అని ఊరికే అనలేదు మన పెద్దవాళ్ళు.

"ఏడుపు తర్వాత. సదాశివానికి నీ నంబరు ఎవరిచ్చారు?"

"తెల్వదు."

"సుహాస్, నాకు ఆరు గంటల టైముంది, నీకూ అంతే. ఆ పేరు పోలీసుల దగ్గర దాచావు, బాగానే ఉంది. నా దగ్గర దాస్తే లేచి వెళ్ళిపోతాను."

సుహాస్ గొంతు తగ్గించాడు. "వెంకటాచలం అంకుల్ రోటాల, గదే, వ్యూయింగ్‌కి ఎవరు పోవాల్నో రాసే లిస్టుల, నా పేరు, నంబర్ ఉండె. మేడమ్, ఆయన్ని దీంట్లకి గుంజకుండ్రి. నేను కొత్తగ దిగినప్పుడు పదకొండు రోజులు ఆళ్ళింట్లనే అన్నం తిన్న."

*

కారిడార్‌లో ఇన్‌స్పెక్టర్ రాజీవ్ గోడకానుకుని నిలబడి ఉన్నాడు. ఉగ్రవాద కేసులు చూసే విభాగం అతనిది. నెల్లూరు డాక్టర్ల బిడ్డ, పుట్టి పెరిగిందంతా లండన్ శివారు హారోలో. తెలుగు ప్రతి మాటా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే ఇస్తాడు. ఒకప్పుడు ప్రఫుల్ల కిందే పని నేర్చుకున్నాడు, ఇప్పుడామెకి చట్టం నేర్పుతుంటాడు.

"చెప్పాడా ఎవరిచ్చారో?" అన్నాడు ఇంగ్లీషులో.

"ఎవరూ ఏమీ ఇవ్వలేదు."

"నోబడీ డజ్ దట్ ఫర్ ఫ్రీ, ప్రఫుల్లా. ముక్కూ మొహం తెలియనివాడి కోసం ట్రెయిన్ టికెట్ తనే కొనుక్కుని వెళ్ళి, పరాయి ఇంటి తాళాలు వీడియో తీసిపెట్టాడా? జ్యూరీలో పన్నెండుమందీ నవ్వుతారు."

"మీ అమ్మా నాన్నా నెల్లూరు నుంచి దిగినప్పుడు మొదటి వారం ఎవరింట్లో పడుకున్నారు రాజీవ్? ఎప్పుడైనా అడిగావా?"

రాజీవ్ దవడ బిగుసుకుంది. "పర్సనల్ విషయాలు వద్దు."

"వద్దంటే మానేస్తాను. కేసు మాటే అడుగుతాను. ఇళ్ళు అద్దెకిచ్చే లెటింగ్ ఆఫీసుకి ఫోన్ చేసి సుహాస్ పేరుతో ఆ వ్యూయింగ్ బుక్ చేసింది ఎప్పుడు?"

అతను ఫైలు చూడకుండానే చెప్పాడు. "శనివారం, పదకొండు ఇరవై. అతనే చేశాడు. ముందే వేసుకున్న ప్లాన్ అనడానికి అదే రుజువు."

"శనివారం పొద్దున్న ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా సుహాస్ వేర్‌హౌస్ షిఫ్టులో ఉన్నాడు. అక్కడ గేటు దగ్గరే ఫోన్లు లాకర్లో పెట్టించేస్తారు. ఏ ఫోన్‌లో చేశాడు, చెప్పుల్లో మాట్లాడాడా?"

రాజీవ్ ఫైలు తెరిచాడు. "షిఫ్టు సంగతి చెక్ చేస్తాం."

"ఆరు రోజులు ఏం చేశారు? దొరికినవాడే దొంగ అని చంకలు గుద్దుకుంటూ కూర్చున్నారా? ఒక చిన్న సంగతి చెబుతాను, నచ్చితే చూడు. బిన్నుల రోజు ఏదని అడిగినవాడు హైదరాబాద్‌లో లేడు. ఈ దేశంలోనే ఉన్నాడు. ఇక్కడ అద్దె ఇంట్లో ఉండి, వారం వారం బిన్ను ఈడ్చుకెళ్ళినవాడు."

"అది ఎవిడెన్స్ కాదు."

"కాదు. బుర్ర."

ఆ మాట అనకుండా ఉండాల్సిందని మెట్లు దిగుతుండగా అనిపించింది, కానీ పెద్దగా విచారం ఏమీ కలగలేదు.

*

ఒంటిగంటా నలభైకి ప్రఫుల్ల వాట్‌ఫర్డ్‌లో ఆ కాలిన ఇంటి ముందు ఉంది. లెటింగ్ ఆఫీసు నుంచి వచ్చిన అమ్మాయి గేటు తెరిచి ముక్కుకి స్కార్ఫ్ అడ్డం పెట్టుకుంది.

ముందు గుమ్మం చెక్క బొగ్గయిపోయింది. గోడ మీద మసి కింద సన్నగా, పైకి పోయేకొద్దీ వెడల్పుగా ఉంది. అంటే మంట నేల నుంచే లేచింది. గుమ్మానికి ఎడమవైపు ప్లాస్టిక్ కరిగి ముద్దలా రాతికి అతుక్కుపోయింది. రెండు బిన్నులవి. ప్రఫుల్ల ఇంటి పక్క సందులోకి వెళ్ళింది. వెనక ఇటుకల అరుగు మీద బిన్నులుండే చోట దుమ్ము లేకుండా రెండు చదరాలు మిగిలాయి. అంటే మామూలు రోజుల్లో అవి ఉండేది ఇక్కడ, తాళం వేసిన సందు గేటు వెనక. వారంలో మిగతా ఆరు రోజుల్లో ఏ రోజు వచ్చినా ఆ తాగుబోతుకి గుమ్మం దగ్గర తగలబెట్టడానికి ఏమీ దొరికేది కాదు.

"శనివారం ఫోన్ చేసినవాళ్ళ గొంతు గుర్తుందా?" అని అడిగింది.

ఆ అమ్మాయి గుర్తుందంది. పెద్దవయసు మగ గొంతు. చాలా మర్యాదగా మాట్లాడాడు. ఇండియన్ యాసే కానీ ఇక్కడి పద్ధతులన్నీ తెలిసిన మనిషిలా ఉన్నాడు. తన కొడుకు సుహాస్ వస్తాడనీ, గోడకున్న తాళాల పెట్టె నంబరు పంపితే చాలు, మీరు రావక్కర్లేదనీ అన్నాడట.

"ఈ సంగతి పోలీసులకి చెప్పావా?"

"బుకింగ్ ఎవరి పేరు మీద అని అడిగారు. అదే చెప్పాను. గొంతు గురించి అడగలేదు."

ప్రఫుల్ల పళ్ళు బిగించింది. ఒక కుర్రాడి జీవితం ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయింది, ఆ ప్రశ్న అడగడానికి ఎవరికీ తీరిక లేదు. అమ్మాయి చెప్పింది రాయించి సంతకం పెట్టించి, ఫొటో తీసి సొలిసిటర్‌కి పంపింది. అదొక్కటే చాలదని ఆమెకి తెలుసు. కొడుకు చేత తండ్రే చేయించాడంటారు.

ఇంకొక ముడి మిగిలింది. సదాశివం సుహాస్‌ని అడిగింది ఆదివారం. అతని పేరుతో బుక్ చేసింది శనివారం. ఒప్పుకుంటాడో లేదో తెలియని కుర్రాడి పేరు ఒక రోజు ముందే ఎలా వాడాడు?

*

వెంకటాచలం గారిది భీమవరం. రైల్వే సిగ్నల్ ఇంజనీరుగా పాతికేళ్ళు చేసి రిటైరయ్యాడు. డెబ్భై ఒకటి దాటినా ఊరికే కూర్చోలేడు. కొత్తగా వచ్చే తెలుగు పిల్లల కోసం ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాడు, అందులో నాలుగొందల పన్నెండుమంది ఉన్నారు. ఎయిర్‌పోర్టుకి ఎవరు వెళ్ళాలి, ఏ ఊళ్ళో వ్యూయింగ్ ఎవరు చేయాలి, అన్నిటికీ రోటా వేస్తాడు. రెండు యాభైకి ప్రఫుల్ల వెళ్ళేసరికి వంటింట్లో ఫ్రిజ్ మీద ఆ కాగితం అయస్కాంతంతో అతికించి ఉంది.

"కూర్చోమ్మా. టీ పెడతాను. పాపం ఆ సుహాసు ఏదో గొడవలో ఇరుక్కున్నాడంట గదా. బంగారంలాంటి కుర్రోడండి."

"టీ తర్వాత బాబాయిగారూ. ఈ రోటా గ్రూపులో ఎప్పుడు పెడతారు?"

"శుక్రవారం సాయంత్రం ఆరింటికి. పదకొండేళ్ళ నుంచి ఒక్క వారం తప్పలేదండి."

అదీ సంగతి. శుక్రవారం ఆరింటికి పేరు కనిపించింది. శనివారం ఆ పేరుతో బుక్ చేశాడు. ఆదివారం ఫోన్ చేసి బతిమాలాడు. మన పిల్లలు కాదనరని వాడికి తెలుసు. ఇన్ని దేశాల గూఢచారులకి దొరకని కిటుకు వాడికి దొరికింది: వీళ్ళకి డబ్బివ్వక్కర్లేదు, అంకుల్ అనిపించుకుంటే చాలు.

"సదాశివం అనే ఆయన మీకు తెలుసా?"

"ఎందుకు తెలీదండి? చాలా మర్యాదస్తుడు. పండగొస్తే మొదటి మెసేజ్ ఆయనదే."

"ఎప్పుడైనా చూశారా?"

"చూడ్డమేంటమ్మా, హైదరాబాదులో గదా ఉంటారు."

పాత రోటాలన్నీ తెమ్మంది. రైల్వే మనిషి కదా, ఏడాది కాగితాలూ వరసగా ఫైలు చేసి ఉన్నాయి. ప్రఫుల్ల బల్లమీద పరిచి, ఎవరి కోసం అన్న గడిలో వేలు పెట్టుకుంటూ చదివింది. మార్చిలో గ్లాస్గో, సదాశివం గారి అబ్బాయి. మేలో లండన్, సదాశివం గారి తమ్ముడి కూతురు. జులైలో మళ్ళీ లండన్, సదాశివం గారి మేనల్లుడు. సెప్టెంబరులో లెస్టర్, సదాశివం గారి పెద్దమ్మాయి. తర్వాత వాట్‌ఫర్డ్, సదాశివం గారి చిన్నమ్మాయి. వెళ్ళినవాళ్ళు మాత్రం ప్రతిసారీ వేరు.

"వీళ్ళలో ఒక్కరైనా దిగారా?"

వెంకటాచలం గారి చేతిలో టీ గరిటె అలాగే ఉండిపోయింది. "ఇల్లు నచ్చలేదన్నాడండి ప్రతిసారీ."

"ఇంతమంది పిల్లలేంటని మీకు అనుమానం రాలేదా?"

"పెద్ద కుటుంబం అనుకున్నానమ్మా," అన్నాడాయన నీరసంగా.

ప్రఫుల్లకి ఆయన మీద కోపం వచ్చింది, జాలీ వేసింది. ఆరో కాగితం ఈ వారానిది. కేంబ్రిడ్జ్, సదాశివం గారి మరదలి కొడుకు. వెళ్ళేది సాత్విక. బుధవారం, నాలుగున్నర.

ఇవాళ బుధవారం. గోడ గడియారంలో మూడు పదహారు.

"ఎవరీ సాత్విక?"

"అనంతపురం పిల్లండి. అక్కడే బయోటెక్ చదువుతుంది. మొన్న ఆగస్టులోనే వచ్చింది."

ప్రఫుల్ల ఆ అమ్మాయి నంబరు తీసుకుని హాల్లోకి వెళ్ళి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మెసేజ్ పెట్టింది. తర్వాత, ఇష్టం లేకపోయినా, రాజీవ్‌కి ఫోన్ చేసి రోటాల్లోని ఆరు ఇళ్ళ పోస్ట్‌కోడ్‌లూ చదివింది. అతను ఒక్కొక్కటీ రాసుకున్నాడు.

"ఎక్కడున్నావు?" అన్నాడు చివరికి.

"వాట్‌ఫర్డ్‌లో, వెంకటాచలం గారింట్లో. నువ్వు?"

"కాలిన ఇంటి దగ్గర. ఆ బిన్నులు చూద్దామని వచ్చాను. పది నిమిషాల్లో ఉంటాను."

తొమ్మిది నిమిషాల్లోనే వచ్చాడు. కోటు కూడా విప్పకుండా రోటాల మీదికి వంగాడు.

"మార్చిలో గ్లాస్గోలో ఒకాయన్ని కత్తితో పొడిచారు. లెస్టర్‌లో కారు తగలబెట్టారు. ఈ రెండూ మా కేసులే. మేలో లండన్‌లో ఇంకొకటి." వేలు ఒక్కో గీత మీద ఆగుతూ వెళ్ళింది. "ప్రఫుల్లా, వీటిలో మూడు ఇళ్ళు మొదటి దేశం పగబట్టినవాళ్ళవి. మిగతా మూడూ రెండో దేశం పగబట్టినవాళ్ళవి. కేంబ్రిడ్జ్‌లోది కూడా, ఆ ఇంటి పక్క వాటాలో వాళ్ళ పాత సైంటిస్టు ఒకాయన ఉంటాడు. మేం రెండు ముఠాలనుకున్నాం. తొమ్మిది నెలలు రెండు టీములు పెట్టి వెతికాం."

"ముఠా ఒక్కటే," అంది ప్రఫుల్ల. "ఇద్దరి దగ్గరా పని పుచ్చుకుంటున్నాడు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంట. యుద్ధం రెండు దేశాలది, కాంట్రాక్టు వీడొక్కడిది, చాకిరీ మన పిల్లలది. నువ్వేమో అడ్డమైనవాళ్ళనీ వదిలేసి, ఊరికే సాయం చేసిన వెర్రిబాగులవాణ్ణి పట్టుకుని ఎంతిచ్చారు ఎంతిచ్చారు అని ఆరు రోజులు పీక్కుతిన్నావు."

రాజీవ్ ఫోన్ తీసి కేంబ్రిడ్జ్ పోలీసులకి అడ్రసు చెప్పాడు. యూనిఫాం లేకుండా వెళ్ళాలనీ, తను చెప్పేదాకా తలుపు తట్టొద్దనీ అన్నాడు. మనుషులు బయల్దేరడానికి పై నుంచి అనుమతి రావాలి, అరగంట పడుతుందన్నారు వాళ్ళు. అతను గొంతు పెంచాడు.

అప్పుడు చూసింది ప్రఫుల్ల. వెంకటాచలం గారు వంటింటి కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఒంటి వేలితో ఫోన్ మీద పొడుస్తున్నాడు.

"ఏం చేస్తున్నారండీ?"

"అయిపోయిందమ్మా. మన పిల్లలు ఇంకెవరూ మోసపోకూడదు గదా. అందరికీ చెప్పేశాను."

ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కుంది. గ్రూపులో మూడు నలభై ఒకటికి పడిన మెసేజ్.

'ముఖ్య గమనిక. సదాశివం అనే వ్యక్తి మోసగాడు. డిటెక్టివ్ ప్రఫుల్ల గారు, పోలీసు ఇన్‌స్పెక్టర్ గారు ప్రస్తుతం మా ఇంట్లోనే ఉండి మొత్తం తేల్చేశారు. సుహాస్ నిర్దోషి. సాయంత్రంలోగా విడుదల చేయిస్తున్నారు. అందరికీ ఫార్వర్డ్ చేయగలరు.'

"బాబాయిగారూ, ఈ గ్రూపులో వాడు లేడా?"

ప్రఫుల్ల మెసేజ్ మీద వేలు నొక్కి, ఎవరెవరు చూశారో తెరిచింది. నూట డెబ్భై మంది. కిందికి జరుపుతూ వెళ్ళింది. సదాశివం. మూడు నలభై మూడు.

డిలీట్ చేసింది, ఏం లాభం. ఇప్పుడు మూడు నలభై ఆరు. వెంకటాచలం గారు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లాడిలా చూస్తున్నాడు. మంచితనం మీద కోపం తెచ్చుకోవడం ఎలాగో ప్రఫుల్లకి తెలియదు. ఆ మంచితనాన్ని ఆసరా చేసుకున్నవాడి మీద మాత్రం ఒళ్ళంతా మండుతోంది.

మూడు యాభై రెండుకి ఆమె ఫోన్ మోగింది. సాత్విక.

స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచింది. రాజీవ్ తన ఫోన్‌ని అరచేత్తో మూసి పక్కకి వచ్చాడు.

"ఆంటీ, మీరు ఫోన్ చేసినారంట, సైలెంట్‌లో పెట్టింటి, చూసుకోలేదు." గొంతులో ఏ బెదురూ లేదు.

"సాత్వికా, ఎక్కడున్నావమ్మా?"

"వ్యూయింగ్‌కి వచ్చినా ఆంటీ. నాలుగున్నర అన్న్యారు, మళ్ళ ముందే రమ్మన్న్యారు. సదాశివం అంకుల్ గూడా వచ్చిండారు. నిన్ననే ఇండియా నుంచి దిగినారంట. ఇప్పుడే ఫోన్‌లో ఏందో చూసి, మీకు చేయమన్న్యారు."

ప్రఫుల్ల రాజీవ్ కళ్ళలోకి చూసింది. అతను చిన్నగా తలూపాడు, మాట్లాడిస్తూ ఉండమన్నట్టు.

"సరే తల్లీ. నువ్వొకసారి బయటికొచ్చి, వీధి ఎలా ఉందో నాకు చెప్పు."

"అంకుల్ మాట్లాడతారంట ఆంటీ. ఇస్తా ఉండా."

ఫోన్ చేతులు మారిన చప్పుడు. తర్వాత పెద్దవయసు గొంతు, చాలా మర్యాదగా.

"నమస్కారమమ్మా. నేనే సదాశివాన్ని. మీ గురించి గ్రూపులో చదివాను, సంతోషం."

"ఆ పిల్లని పంపించెయ్యి. నీతో నేను మాట్లాడతాను."

"పంపిస్తానమ్మా, నాకూ ఆడపిల్లలున్నారు. మీరు పెద్దగా చేయాల్సింది కూడా ఏం లేదు. ఆ వాట్‌ఫర్డ్ కేసు అబ్బాయి మీద ఆరింటికి చార్జి పెడతారని టీవీలో విన్నాను, పెట్టనివ్వండి. మీరూ, మీ పక్కనున్న ఇన్‌స్పెక్టర్ గారూ నోరు మెదపకపోతే చాలు. ఆ వార్త టీవీలో నేను చూశానంటే, ఆరూ ఐదుకి ఈ అమ్మాయి బస్సెక్కుతుంది. ఈలోగా వీధిలో పోలీసు మనిషి ఎవరైనా కనిపించారనుకోండి, నన్ను తప్పు పట్టకండి."

"థూ," అంది ప్రఫుల్ల. "అంకుల్ అని పిలిచింది నిన్ను."

"అందరూ అలాగే పిలుస్తారమ్మా."

ప్రఫుల్ల బల్ల అంచు పట్టుకుంది. సుహాస్‌ని విడిపించే కాగితాలన్నీ ఆ బల్లమీదే ఉన్నాయి. రాజీవ్ అరచేతి కింద కేంబ్రిడ్జ్ పోలీసుల గొంతు సన్నగా వినిపిస్తోంది, అనుమతి వచ్చింది, బయల్దేరమంటారా అని. అతను జవాబు చెప్పకుండా ప్రఫుల్ల వైపే చూస్తున్నాడు.

ఫోన్‌లో, కొంచెం దూరం నుంచి, సాత్విక గొంతు హుషారుగా వినబడింది.

"అంకుల్, కిచెన్ అయిపోయింది. హీటర్ బాగుండాది. పక్క వాటా మెట్ల కాడికి పోయి ఆ డోర్ గూడా వీడియో తీసేదా?"

"తియ్యమ్మా, తొందరేం లేదు," అన్నాడతను. "ఆరింటిదాకా ఇక్కడే ఉంటాం కదా."